గంపగుత్త బేరానికి ముందు

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడిన కుటుంబాలలో, తల్లిదండ్రుల అనంతరం ఊళ్లోని ఇంటిని అమ్మవలసి వచ్చినప్పుడు ఇంటి ధర గురించి నెలల తరబడి చర్చ జరుగుతుంది గాని, ఆ ఇంట్లోని సామాన్ల ప్రస్తావన రిజిస్ట్రేషన్ తేదీ ఖరారయ్యేదాకా దాదాపు రాదు. ఆ తొందరలో వారసులు ఎక్కువగా ఆశ్రయించే పద్ధతి గంపగుత్త అమ్మకం, అంటే వస్తువులను విడివిడిగా లెక్కకట్టకుండా ఉన్నదంతా కలిపి పాత సామాన్ల వ్యాపారికి ఒకే మొత్తానికి అప్పగించడం. చినిగిన పరుపులనూ చెదలు పట్టిన బల్లలనూ మోసుకుపోయే భారం కూడా వ్యాపారిదే కనుక అతడు తక్కువ ధర చెప్పడంలో అన్యాయమేమీ లేదు. అయితే ఇంట్లో ఏమున్నదో అమ్మేవారి కంటే కొనేవానికే బాగా తెలిసిన బేరం ఇది.

బేరానికి ముందే తేలవలసిన విషయం హక్కు. వీలునామా లేకుండా తండ్రి మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, జీవించి ఉంటే ఆయన తల్లికి కూడా ఆస్తిలో వాటా ఉంటుంది, ఆ ఆస్తిలో స్థలమూ ఇల్లే కాక బీరువాలూ బిందెలూ చేరతాయి. ఊళ్లో ఉన్న కొడుకు ఒక్కడే అమ్మేసిన గంగాళం విషయమై తోబుట్టువుల మధ్య ఏళ్ల తరబడి మాటలు లేకుండా పోవడం తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. ప్రతి గదినీ ఫోటోలు తీసి వారసులందరికీ పంపి, ఎవరికి ఏది కావాలో రాతపూర్వకంగా తేల్చుకున్న తరువాతే కాటా ఇంటి ముందుకు రావడం ఉత్తమం.

అన్నిటికంటే ముందు చూడవలసినవి కాగితాలు, అందరూ చివరికి వదిలేసేవీ అవే. ట్రంకు పెట్టెల అడుగున, దేవుడి గదిలో, పాత పంచాంగాల మధ్య దాచిన దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, అనగా ఆస్తి పూర్వపు యజమానుల నుంచి చేతులు మారుతూ వచ్చిన క్రమాన్ని చూపే పాత పత్రాలు, పాత పేపర్లతో కలిసి తూకానికి పోతే ఆ నష్టాన్ని ఏ ధరా పూడ్చదు. కాగిత రూపంలోని షేరు సర్టిఫికెట్లు కనిపిస్తే వాటిని చెల్లని కాగితాలుగా భావించరాదు. 2019 ఏప్రిల్ నుంచి అటువంటి షేర్లను మామూలుగా ఇతరులకు బదిలీ చేయడం ఆగిపోయినా, మరణించిన వ్యక్తి షేర్లను వారసులు తమ పేరుకు మార్చుకునే హక్కు అలాగే ఉన్నది. వరుసగా 7 ఏళ్లు డివిడెండు తీసుకోనందువల్ల షేర్లు కేంద్ర ప్రభుత్వపు నిధికి చేరిపోయినా, దరఖాస్తు చేసి తిరిగి పొందవచ్చు. పదేళ్లుగా కదలని బ్యాంకు డిపాజిట్లు రిజర్వ్ బ్యాంకు నిర్వహించే ప్రత్యేక నిధికి చేరతాయి, ఆ సొమ్ము ఏ బ్యాంకులో ఉండేదో వెతకడానికి 2023లో ప్రారంభమైన ఉద్గమ్ పోర్టల్ ఉపయోగపడుతుంది. చీరల మడతల్లో 2016లో రద్దయిన 500, 1000 రూపాయల నోట్లు దొరకడమూ ఉంటుంది. 2017 నాటి చట్టం ప్రకారం అటువంటి నోట్లు పదికి మించి ఎవరి వద్దనైనా ఉండడం నేరం, దానికి పదివేల రూపాయలు గాని ముఖవిలువకు ఐదు రెట్లు గాని, ఏది ఎక్కువైతే అంత వరకు జరిమానా పడవచ్చు.

లోహపు పాత్రల వద్ద నష్టం మరో రకంగా జరుగుతుంది. రాగి, తగరం కలిసిన కంచు, రాగి, జింకు కలిసిన ఇత్తడి కంటే సాధారణంగా ఖరీదైనది, ఎందుకంటే తగరం ధర జింకు ధర కంటే చాలా ఎక్కువ. మాసిపోయి నల్లబడిన పాత్రలను ఒకే కుప్పగా పోస్తే కంచు కూడా ఇత్తడి రేటుకే పోతుంది. జర్మన్ సిల్వర్‌గా పేరుపడిన లోహంలో వెండి బొత్తిగా ఉండదు, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. పట్టుచీరల విషయం దీనికి తలకిందులు: పాతకాలపు అసలు జరీ అంటే పట్టుదారానికి చుట్టి బంగారు పూత పూసిన వెండి తీగ కనుక, చిరిగిన చీరకు కూడా వెల ఉంటుంది, స్టీలు గిన్నెకు మార్పిడి చేయదగినది కాదు. టేకు తలుపులను, కిటికీలను మాత్రం విడిగా అమ్మే ముందు ఆగాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే తలుపులు, కిటికీలు, తాళాలు ఇంటితో పాటే కొనుగోలుదారుకు చెందుతాయి.

పుస్తకాలలో పాత పాఠ్యగ్రంథాలను ఏ గ్రంథాలయమూ కోరదు. 1924లో మొదలైన ‘భారతి’ వంటి పత్రికల పాత సంచికలు ఉంటే వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థలను ముందుగా సంప్రదించడం మంచిది. తాళపత్రాల స్థానం వేరు: 1972 నాటి పురావస్తు చట్టం, శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ గల 75 ఏళ్లు దాటిన రాతప్రతులను, 100 ఏళ్లు దాటిన శిల్పాది కళాఖండాలను పురావస్తువులుగా పరిగణిస్తుంది, వ్యక్తులు వాటిని దేశం దాటించడాన్ని నిషేధిస్తుంది. తాతగారి పంచలోహ విగ్రహాన్ని సూట్‌కేసులో పెట్టుకొని అమెరికా వెళ్లాలనుకునేవారు ముందుగా పురావస్తు శాఖ నిపుణులకు చూపించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవలసి ఉంటుంది.

అమ్ముడుపోనివాటిని భోగిమంటలో వేయడం ఎండిన కట్టెకు సరిపోయే పద్ధతి, ప్లాస్టిక్‌కూ సన్‌మైకా అంటించిన ప్లైవుడ్‌కూ కాదు. పాత గాజుతెర టీవీలో సీసం, ట్యూబులైట్లలో పాదరసం, ఇన్వర్టర్ బ్యాటరీలో సీసంతో పాటు ఆమ్లం ఉంటాయి. రాగి కోసం వైర్లను కాల్చే చిల్లర వ్యాపారి చేతిలో ఇవి పడితే ఆ విషం ఊరి గాలిలోనూ నీటిలోనూ కలుస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు టీవీలు, ట్యూబులైట్ల వంటి సరుకు పునర్వినియోగ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అందువల్ల గుర్తింపు పొందిన పునర్వినియోగ సంస్థకు ఇవ్వడమో, కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది దుకాణదారుకే అప్పగించడమో చేయాలి, ధర కొంత తగ్గినా సరే.

ఇంత తీరిక అందరికీ ఉండదన్నది నిజమే. చేతిలో రెండు రోజులే ఉన్న వారసులు ఆ రెండు రోజులనూ కాగితాలకు, కంచుకు, తాళపత్రాలకు కేటాయించి, మిగిలినదాన్ని నిశ్చింతగా గంపగుత్తకు ఇచ్చేయవచ్చు.