గజ్జవాపు

మైపాడు, జువ్వలదిన్నె తీరాల్లో వలలు లాగే మగవారు గజ్జవాపును సిగ్గుతో దాచుకోవడం మేమెరుగుదుము. సత్ర్ కాపాడుకోవలసినదే, అయినా చికిత్సకు అవసరమైన మేరకు వైద్యునికి చూపడాన్ని ధర్మవేత్తలు అనుమతించారు.

గర్భస్థ శిశువు పొట్టలో ఏర్పడిన వృషణాలు గజ్జలోని దారిగుండా తిత్తిలోకి దిగుతాయి. పెద్దవారిలో ఇంచుమించు 4 సెంటీమీటర్లుండే ఆ ఏటవాలు దారి, పొట్టగోడలో జీవితాంతం బలహీనస్థలమే. దగ్గినా, బరువెత్తినా పేగు అందులోకి జారవచ్చు. అదే హెర్నియా. రాత్రి పడుకోగానే లోపలికి పోవడంతో తగ్గిందనుకుంటారు!

బోదకాలు ఎరిగిన కోస్తాలో దీనిని వరిబీజమని పొరబడటమూ కద్దు. వరిబీజంలో ఉండేది నీరు. సాధారణంగా దాని పైఅంచు వేళ్ళకు అందుతుంది, తిత్తిలోకి దిగిన హెర్నియాకు అందదు. పట్టీ కడితే రంధ్రం పూడదు. పెద్దవారికి వైద్యులు సాధారణంగా వలవంటి జాలీ అమర్చి కుడతారు.

వాపు లోపలికి పోక, గట్టిపడి, నొప్పితో వాంతులైతే పేగు బిగుసుకున్నదేమోనని అనుమానించాలి. తెల్లవారేదాకా ఆగక, అప్పుడే ఆసుపత్రికి చేర్చాలి.