మీకు తెలుసా? లండన్ గోడకెక్కిన అమరావతి శిల్పాలు

కృష్ణా తీరంలోని అమరావతి స్తూపపు శిల్పాలు కొన్ని 1860లలో లండన్‌లో ఒక ప్రభుత్వ భవనం బయటి గోడ మీద, ఎండకూ వానకూ వదిలేసినట్టుగా ఉండేవి!

• ఆ భవనం పేరు ఫైఫ్ హౌస్. వైట్‌హాల్‌లో ఉన్న ఆ భవనంలోనే 1861 నుంచి ఇండియా మ్యూజియం నడిచింది. గోడకెక్కని రాళ్లను బళ్ల కొట్టంలో పడేశారు. 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని గమనించి, ఫొటోలు తీయించి, మరుసటి ఏడాది పుస్తకంలో అచ్చువేశాడు.

• అంతకుముందే వాటికి ఫొటోలున్నాయి. 1845లో ఈ రాళ్లను తవ్వించినవాడు వాల్టర్ ఇలియట్. ఉత్తర సర్కారులకు ఆయన తర్వాత కమిషనర్‌గా పనిచేశాడు. రాళ్లు మద్రాసు చేరాక, 1858లో ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ వాటిని కెమెరాకెక్కించాడు. మరుసటి ఏడాదే అవి ఓడెక్కాయి. లండన్ వాతావరణం తగలకముందు ఆ రాళ్లు ఎలా ఉండేవో చూపే అమూల్యమైన ఫొటోలవి.

• ఈ శిల్పాల్లో ఒక పలకపై బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, దాని ముందు పాదముద్రలు, చుట్టూ మొక్కుతున్న భక్తులు కనిపిస్తారు. బుద్ధుడి రూపం మాత్రం ఉండదు. ఆ ఆసనం, ఆ పాదాలే బుద్ధుడు! అదే పలకను తర్వాతి కాలపు శిల్పులు వెనక్కి తిప్పి, రెండోవైపు ఏకంగా స్తూపాన్నే చెక్కారు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరిన ఆ పలక నేటికీ అక్కడే ఉంది.