పిన్ చేసిన పేజీ

పిన్ చేసిన పేజీ అనగా భౌతిక మెమరీలో తానున్న చోటు నుండి కదలకుండా ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ పట్టి ఉంచిన పేజీ. సాధారణంగా కెర్నల్ పేజీలను అవసరాన్ని బట్టి డిస్కుకు పంపుతుంది, లేదా మరొక చోటికి మారుస్తుంది. ప్రాసెసరు పేజీ పట్టిక ద్వారా వెళుతుంది కనుక ప్రోగ్రాముకు ఈ మార్పు తెలియదు. నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలు మాత్రం డీఎంఏ పద్ధతిలో, ముందుగా ఇచ్చిన చిరునామాకే నేరుగా రాస్తాయి. మధ్యలో పేజీ మారితే ఆ సమాచారం వేరొక ప్రోగ్రాము మెమరీలో పడవచ్చు.

పేజీని లాక్ చేయడం, పిన్ చేయడం ఒకటి కావు. లినక్స్‌లో 'ఎమ్‌లాక్' చేసిన పేజీ డిస్కుకు పోదు గానీ చోటు మారవచ్చు.

లినక్స్‌లో చాలాకాలం పిన్ చేయడానికి కూడా 'గెట్ యూజర్ పేజెస్' ఫంక్షన్‌నే వాడేవారు. అది పేజీ వాడుక లెక్కను 1 పెంచుతుంది. ఆ లెక్కను బట్టి పేజీని పరికరం పట్టుకున్నదో, కెర్నల్‌లోని మరొక భాగం క్షణకాలం వాడుకుంటున్నదో చెప్పలేము. ఫైల్ సిస్టమ్ ఒక పేజీని డిస్కుకు రాసి, ఇక మార్పులు లేవని గుర్తు పెట్టిన తరువాత కూడా పరికరం అందులో రాస్తూ ఉండవచ్చు. అప్పుడు సమాచారం పోయే ప్రమాదముంది.

ఈ తేడా తెలియడానికి 2020లో విడుదలైన 5.6 వెర్షన్‌లో 'పిన్ యూజర్ పేజెస్' చేర్చారు. ఇది సాధారణ పరిమాణపు పేజీలకు అదే లెక్కను ఒకేసారి 1024 పెంచుతుంది. మామూలు వాడుకలే వెయ్యి దాటిన పేజీ కూడా పిన్ అయినట్లు కనబడవచ్చు. ఆ పొరపాటును కెర్నల్ సహిస్తుంది. పిన్ అయినదాన్ని కాలేదనుకోవడమే అసలు ప్రమాదం.

దీర్ఘకాలం పిన్ చేయవలసిన పేజీ, కదిలించగల పేజీలకై కేటాయించిన ప్రాంతంలో ఉంటే, కెర్నల్ ముందుగా దానిని అక్కడి నుండి బయటికి మారుస్తుంది.