తుప్పు కూడా శత్రువే

ఢిల్లీలో గంటసేపు గట్టి వాన కురిస్తే మింటో బ్రిడ్జి కింద బస్సులు మునుగుతాయి. గురుగ్రామ్ అండర్‌పాసుల్లో కార్లు నడుంలోతు నీళ్లలో ఆగిపోతాయి. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు పెరిగినప్పుడు వరద ఎర్రకోట గోడల దాకా వచ్చింది. నీరు తీశాక యజమానులంతా చూసేది ఇంజిన్ స్టార్టవుతుందా లేదా అన్నదే. గేర్‌బాక్సు సంగతి చాలామందికి గుర్తే రాదు. సైన్యంలో అలా కుదరదు. నీళ్లు దాటి వచ్చిన బండికి ముందుగా చూసేవాటిలో ఆయిళ్లు ఒకటి. ఎందుకో తెలిస్తే కారున్న ప్రతివారికీ ఉపయోగమే. రక్షణ బడ్జెట్ గురించి ఆలోచించేవారికి ఇంకా ఎక్కువ ఉపయోగం.

ఆటోమేటిక్ బండిలో క్లచ్ పెడల్ ఉండదు. డ్రైవరు కాలు చేసే పనిని ఎర్రటి నూనె ఒకటి చేస్తుంది. దాని పేరు ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, క్లుప్తంగా ఏటీఎఫ్. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను కలిపేది, గేర్ల అరుగుదలను తగ్గించేది, వేడిని మోసుకెళ్లేది, లోపలి ఉక్కుకు తుప్పు పట్టకుండా పొరలా కాపాడేది అదే. ఎరుపు వట్టి రంగు మాత్రమే. కారితే ఇంజిన్ ఆయిల్ కాదని తెలియడానికి కలుపుతారు. పాత శక్తిమాన్ లారీల కాలంలో మాకు ఈ నూనెతో పెద్దగా పని పడలేదు. ఇప్పుడు కే-9 వజ్ర వంటి శతఘ్ని వాహనాలు ఆటోమేటిక్ గేర్‌బాక్సులతోనే నడుస్తున్నాయి. లద్దాఖ్ మంచులోనూ ఆ నూనె పని చేయాలి.

ఈ నూనెకు బద్ధశత్రువు నీరు. వేడెక్కి ఉన్న గేర్‌బాక్సు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. అప్పుడు గేర్‌బాక్సుకు గాలి ఆడేందుకు పెట్టిన బ్రీదర్ గొట్టం బయటి నీటిని లోపలికి పీల్చేస్తుంది. నీరు కలిసిన ఏటీఎఫ్ రోజ్‌మిల్క్ రంగుకు మారుతుంది. రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ తుప్పుతో చిల్లుపడినా ఇదే రంగు. ఆ నీరు క్లచ్ ప్లేట్ల లైనింగ్‌ను ఊడదీస్తుంది, బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. అందుకే మునిగిన కారును స్టార్ట్ చేసి చూడకండి. లారీ మీదకు ఎక్కించి వర్క్‌షాపుకు పంపండి. ఇంజిన్ ఆయిల్‌తో పాటు గేర్‌బాక్సు ఆయిల్ కూడా పరీక్ష చేయించండి.

టీ-90 ట్యాంకు స్నార్కెల్ గొట్టం బిగించుకుని 5 మీటర్ల లోతు నీటి అడుగున నడవగలదు. మెదక్ కర్మాగారంలో తయారైన బీఎంపీ-2 నీటిపై తేలుతూ ఏరు దాటుతుంది. చూసేవారికి అది సాహసం. మాకు అది సగం పని. ఒడ్డెక్కాక సీళ్లు, ఆయిళ్లు తనిఖీ చేయడం మిగతా సగం.

నడిచే బండి కంటే నిలబడిపోయిన బండికే తుప్పు ముప్పు ఎక్కువ. నెలల తరబడి కదలకపోతే పైభాగంలోని గేర్ల మీది నూనె కిందికి జారిపోయి ఉక్కు బయటపడుతుంది. పగటి వేడికి, రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ చెమ్మగా మారి ఆ ఉక్కు మీదే చేరుతుంది. అందుకే యుద్ధం కోసం నిల్వ ఉంచే వాహనాలకు ప్రత్యేక సంరక్షణ ఉంటుంది. నిల్వ ఉంచే ఇంజిన్ల కోసం అమెరికా సైన్యం తుప్పు నిరోధక నూనెకు విడిగా ఒక ప్రమాణాన్నే రాసుకుంది. ద్వారక, నోయిడా అపార్టుమెంట్లలో కవరు కప్పి వదిలేసిన కార్లదీ ఇదే సమస్య. వాటిని అప్పుడప్పుడు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. నూనె బాగా వేడెక్కితేనే చెమ్మ ఆవిరవుతుంది. అరగంట రోడ్డు మీద నడపాలి.

నూనె తయారీలో పొరపాటు జరిగినా తుప్పు పడుతుంది. ఒకప్పుడు అమెరికాలో ఏటీఎఫ్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లలో ఆ తిమింగలాలను కాపాడే చట్టాలు రావడంతో అది ఆగిపోయింది. దాని తర్వాత జనరల్ మోటార్స్ ప్రమాణంతో వచ్చిన ఫ్లూయిడ్ ఆయిల్ కూలర్ల లోహాన్ని తినేయసాగింది. చివరికి తుప్పు నిరోధకాలు కలిపి దాన్ని మళ్లీ రూపొందించాల్సి వచ్చింది. కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడు తప్ప మరొకటి పోయవద్దని మెకానిక్‌లు పట్టుబట్టేది ఇందుకే. తుప్పు బోల్టును వదులు చేయడానికి ఏటీఎఫ్ పనికొస్తుంది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మాత్రం చుక్క కూడా పడకూడదు. బ్రేకు రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి, ప్రాణాల మీదకు వస్తుంది.

ఇక పెద్ద ప్రశ్న. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి రోడ్ల మీద ఉంచరాదన్న నిబంధన దేశ రక్షణ కార్యకలాపాల్లోని సాయుధ, ప్రత్యేక వాహనాలకు వర్తించదు. ఆ మినహాయింపు సమంజసమే, ట్యాంకు ఆయుష్షు దశాబ్దాలు. టీ-90ల కొనుగోలుకు ఒప్పందం 2001లో కుదిరింది. వాటిలో పూర్తిగా ఓవర్‌హాల్ అయిన తొలి ట్యాంకు 2024 అక్టోబర్‌లో ఢిల్లీ కంటోన్మెంట్‌లోని 505 ఆర్మీ బేస్ వర్క్‌షాపు నుంచి బయటికి వచ్చింది. చివరి బోల్టు దాకా విప్పి మళ్లీ కూర్చిన ట్యాంకు అది. ఆ పని చేసే ఈఎంఈ కోర్ సాంకేతిక నిపుణులకు సికింద్రాబాద్‌లోని కళాశాల ప్రధాన శిక్షణ కేంద్రం. కానీ ఓవర్‌హాల్ జాప్యాలను, విడిభాగాల కొరతను కాగ్ గత దశాబ్దంలోనే ఎత్తిచూపింది.

కొత్త ఆయుధం కొంటే మొదటి పేజీ వార్త. పాత ట్యాంకు బాగుపడి తిరిగి రెజిమెంటుకు చేరితే లోపలి పేజీలో నాలుగు లైన్లు. పార్లమెంటు ఏటా ఎన్ని కొన్నారని అడుగుతుంది. ఎన్ని ఓవర్‌హాల్ కావాల్సి ఉంది, ఎన్ని అయ్యాయి, విడిభాగాలు సమయానికి అందాయా అని కూడా అడగాలి. యుద్ధం మొదలైన రోజు లెక్కకు వచ్చేవి కాగితం మీది ట్యాంకులు కాదు, ఆ ఉదయం కదిలేవి.