పచ్చిచేప, పులిపాలు: పెరూ జపానీయుల వంట

పచ్చిచేప అనగానే మన విద్యార్థులలో చాలామంది ముఖము చిట్లిస్తారు. జపాను వారి సుషిని గూర్చి విన్నవారికి సైతము, అది దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునకు పోయి, అచ్చటి మిరపకాయతోను నిమ్మరసముతోను కలిసి మరియొక వంటగా రూపొందిన సంగతి తెలియకపోవచ్చును. ఈ వంటకు నిక్కేయి అని పేరు. విదేశములలో స్థిరపడిన జపాను సంతతి వారిని కూడ ఆ మాటతోనే పిలుస్తారు. కనుక ముందు మనుషులను గూర్చి చెప్పవలసి యున్నది.

1899 ఫిబ్రవరిలో సకురా మారు అను ఓడ 790 మంది జపాను కూలీలతో యోకొహామా రేవును విడిచి, ఏప్రిల్ 3వ తేదీన పెరూలోని కాయావో రేవును చేరింది. చెరకు, ప్రత్తి తోటలలో నాలుగేండ్ల ఒప్పందము. రోగముల వలన అనేకులు మరణించారు. మిగిలినవారిలో చాలామంది క్రమముగా లీమా నగరము చేరి క్షౌరశాలలు, చిల్లర దుకాణములు, చిన్న పూటకూళ్ళు పెట్టుకున్నారు. మారిషస్, ఫిజీ తోటలకు పోయిన మన తెలుగు కూలీల కథ ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు.

ఆ పూటకూళ్ళలో వండినది చాలవరకు పెరూ వంటయే; కాని చేపను కోసిన చేయి జపాను చేయి. పెరూవారికి సెబిచే అను వంటకము ప్రాణము. చేప ముక్కలను నిమ్మరసము, ఉప్పు, ఉల్లి, మిరపకాయలలో ఊరవేస్తారు. నిప్పు తగలకున్నను ఆ పులుపునకు మాంసకృత్తులు గట్టిపడి, ముక్క తెల్లబడి, ఉడికినట్లే కనిపిస్తుంది. పూర్వము గంటల తరబడి ఊరనిచ్చేవారు. చేప తాజాదనమునే రుచిగా ఎంచు జపానీయులకు ఇది నచ్చలేదు. వారి ప్రభావము వలన ఆ గంటలు నిమిషములైనవి. తిరదీతో అను వంటకములో ఇది మరింత స్పష్టము: చేపను పలుచని రేకులుగా కోసి, ఉల్లి లేకుండ, వడ్డించునప్పుడే పులుసు పోస్తారు. సెబిచేలో ఊరిన ఆ రసమునకు ‘పులిపాలు’ అని ముద్దుపేరు!

ఈ కలయిక సుఖముగా సాగలేదు. 1940 మే మాసములో లీమాలో జపానీయుల దుకాణములను, ఇండ్లను మూకలు దోచుకున్నవి. రెండవ ప్రపంచ యుద్ధకాలములో సుమారు 1,800 మందిని ఓడలలో అమెరికా సంయుక్త రాష్ట్రములకు పంపి నిర్బంధ శిబిరములలో ఉంచారు. యుద్ధానంతరము వారిలో చాలామందిని పెరూ తిరిగి రానీయలేదు. అట్టివారి వంటకు తరువాత దక్కిన గౌరవము చూడుడు. 1973లో లీమాకు పోయి అచ్చటి వస్తువులతో వండ నేర్చిన నోబు మత్సుహిసా, 1987లో అమెరికాలోని బెవర్లీ హిల్స్‌లో భోజనశాల తెరచి ఆ రుచిని లోకమునకు పరిచయము చేశాడు. జపాను సంతతివాడైన మిత్సుహరు త్సుమురా లీమాలో నడుపు మైదో, 2025లో ప్రపంచపు యాభై ఉత్తమ భోజనశాలల పట్టికలో మొదటి స్థానము పొందింది.

అట్టి చోట మనము కూర్చున్నామనుకొందము. సుషి యనగా పచ్చిచేప కాదు. సిర్కా, చక్కెర, ఉప్పు కలిపిన అన్నము. దానిపై చేప నుంచుతారు. సోయా రసములో అన్నమును గాక చేపవైపును అద్దవలెను. లేనిచో ముద్ద విడిపోవును. అల్లము ముక్క రెండు ముద్దల నడుమ నోరు శుభ్రపరచుటకే గాని ముద్దపై పెట్టుటకు గాదు. మద్యమును వర్జించు మనవంటివారు ముందుగా అడిగి తెలిసికొనుట మంచిది. అన్నములోను, పులుసులలోను మిరిన్ అను తీపి మద్యము కలుపుట కలదు.

ఆ పళ్ళెములో మనకు చిరపరిచితము మిరపకాయ. దాని జన్మస్థానము అమెరికా ఖండమే. పోర్చుగీసుల ద్వారా మన దేశమునకు వచ్చింది. పెరూవారి పసుపువన్నె కాయ పండువాసన గలది, కారములో మన గుంటూరు కాయకు తీసిపోదు. సెబిచే ప్రక్కన ఉడికిన చిలగడదుంప ముక్క ఉంచుతారు. నాలుక మండినప్పుడు అక్కరకు వచ్చునది అదే.