'యా' అంటే ఎంత?

బీజగణితం అనగానే మనలో చాలామందికి భయం. అంతవరకు అంకెలతో సాగిన లెక్కల్లోకి అక్షరాలు రావడమే దానికి కారణం. నిజానికి ఆ అక్షరం మనకింకా తెలియని సంఖ్యకు పెట్టుకున్న పేరు. మన ప్రాచీన గణితవేత్తలు తెలియని రాశిని 'యావత్ తావత్' (ఎంతయితే అంత) అన్నారు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన 'బీజగణితం'లో దాన్ని 'యా' అని కుదించి రాశాడు. ఎక్స్‌కు బదులు మనమూ అదే వాడదాం.

కామారెడ్డి, ఎల్లారెడ్డి హాస్టళ్లలో కలిపి 170 మంది ఉన్నారనుకుందాం. ఎల్లారెడ్డి కంటే కామారెడ్డిలో 30 మంది ఎక్కువ. ఎక్కడ ఎందరు?

ఎల్లారెడ్డి సంఖ్య యా అయితే, కామారెడ్డిది యా + 30. రెండూ కలిపితే:

2యా + 30 = 170

దీన్ని 32యా అని రాయకూడదు. 30 తెలిసిన సంఖ్య, యా విలువ ఇంకా తేలలేదు.

సమీకరణం అంటే సరితూగిన త్రాసు, అదే మన తరాజు. ఒక పళ్లెంలోంచి 30 తీస్తే రెండో పళ్లెంలోంచీ 30 తీయాలి.

2యా = 140
యా = 70

ఎల్లారెడ్డిలో 70, కామారెడ్డిలో 100. కలిపితే 170, సరిపోయింది.

'అటు వెళితే ప్లస్ మైనస్ అవుతుంది' అని మనం బట్టీపట్టే సూత్రానికి మూలం ఈ తరాజే. పదో తరగతి రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు కూడా దీనిమీదే నిలుస్తాయి.

తమ్ముళ్లూ, ఇది మీరు చేయండి. రెండు హాస్టళ్లకు 90 దుప్పట్లు వచ్చాయి. ఎల్లారెడ్డికి వచ్చినవాటికి రెట్టింపు కామారెడ్డికి వచ్చాయి. ఎవరికెన్ని? జవాబు తప్పో ఒప్పో ఎవరినీ అడగనక్కర్లేదు, కలిపి చూసుకుంటే మీకే తెలుస్తుంది.