గుమ్మం నుంచి ఖజానాకు

సంపాదకుని తిరుగుటపా, ఆకాశవాణి ఆడిషన్, సినిమా ఆఫీసుల ముందు పడిగాపులు: అంతర్జాలం వచ్చాక కళాకారునికి ఈ బాధలు తప్పాయని ఒక నమ్మకం. అందులో సగం నిజముంది. ప్రచురణకు ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కరలేదు. అది జీవనోపాధిగా మారడానికి మాత్రం కావాలి. ద్వారపాలకుడు ఉద్యోగం మానలేదు; గుమ్మం దగ్గర నుంచి లేచి ఖజానా దగ్గర కూర్చున్నాడు.

యూట్యూబ్ 2018లో ప్రకటనల ఆదాయానికి కొత్త అర్హత పెట్టింది: వెయ్యిమంది చందాదారులు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ. పది నిమిషాల కీర్తన వీడియో ఒక్కటే ఉంటే, దాన్ని ఆసాంతం 24,000 సార్లు చూడాలన్నమాట. అంతకుముందు నాలుగు డాలర్లు చూస్తున్న చిన్న ఛానెళ్ళకు కూడా ఈ నియమమే వర్తించింది. 2024 నుంచి స్పాటిఫై, ఏడాదిలో వెయ్యిసార్లయినా వినబడని పాటకు రాయల్టీ లెక్కకట్టడం లేదు.

వెయ్యి దాటిన పాటకైనా ఇంత అని స్థిరమైన ధర లేదు. వచ్చిన సొమ్మునంతా ఒక రాశిగా పోసి, మొత్తం శ్రవణాలలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. ఒక శ్రోత నెలంతా మీ పాటలే విన్నా, ఆమె కట్టిన చందా మీకు చేరదు. అధికభాగం ఆమె ఎన్నడూ వినని తారలకు పోతుంది. ఇది మోసమేమీ కాదు, ఒప్పందంలో ఉన్నదే. కాని చిన్నభాషల కళాకారునికి ఇంతకంటే ప్రతికూలమైన పద్ధతిని ఊహించడం కష్టం.

వెయ్యిమంది నిజమైన అభిమానులు ఏటా తలా నూరు డాలర్లు ఇస్తే చాలని కెవిన్ కెల్లీ 2008లో లెక్క చెప్పాడు. అభిమానితో నేరుగా సంబంధం ఉండాలన్నది ఆయన షరతు. యూట్యూబ్ చందాదారుల చిరునామాలు మన చేతికి రావు. ఖర్చులు స్వల్పమేనన్నది ఆయన అంచనా. పేట్రియాన్ వ్యవస్థాపకులలో ఒకడైన జాక్ కాంటే, తన పాంప్లమూస్ బృందం 2014లో 28 రోజులు చేసిన పర్యటన పద్దులు బయటపెట్టాడు: రాబడి 1,35,983 డాలర్లు, ఖర్చు 1,47,802.

అమెరికాలోని మన పాఠకులకు ఇంకొక చిక్కుంది. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారు పిటిషన్ వేసిన సంస్థకే పనిచేయాలి. సరదాకు పాడి వీడియో పెట్టడం వేరు, దానిమీద ఆదాయం తీసుకోవడం వేరు. రెండవది అనుమతిలేని ఉద్యోగంగా లెక్కకు వచ్చే ప్రమాదముంది. వలసచట్టం తెలిసిన న్యాయవాదిని అడిగాకే ఆ మీట నొక్కడం మేలు. 2015 నుంచి కొందరు హెచ్‌-4 జీవిత భాగస్వాములకు దొరుకుతున్న పని అనుమతి స్వయం ఉపాధికీ చెల్లుతుంది. అయితే పాట ఆమెదే అయినప్పుడు. అతడు పాడి, ఆమె పేరున ఖాతా తెరిస్తే చిక్కు మళ్ళీ మొదటికొస్తుంది.